సీప్యాప్ కొనే ముందు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు

(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక ఊపిరితిత్తుల వైద్యుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభలో ఉన్న పెద్దలకు, వారితో పాటు వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారం.

గురక గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయం మొత్తం చెప్పడానికి ఈ గంట సమయం చాలదు కాబట్టి ఒక్క భాగం మాత్రమే తీసుకుంటాను. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాస ఎలా ఉందో చూసే పరీక్ష, అయింది; స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, ఉందని తేలింది; సీప్యాప్, అంటే మాస్కు ద్వారా గాలి ఊదే యంత్రం, వాడమని డాక్టరు చీటీ రాసి ఇచ్చారు. ఆ చీటీ పట్టుకొని దుకాణం మెట్లెక్కే ముందు మనిషి ఏమేమి తెలుసుకొని ఉండాలి అన్నదే ఈ రోజు నా విషయం. చాలామంది ఆగిపోతున్నది అక్కడే. కొందరు ధర వినగానే వెనుదిరిగి వచ్చేస్తున్నారు. మరికొందరు, అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపాడని, ఖరీదైనదైతే మేలు చేస్తుందని అన్నింటికంటే పై రకం కొనుక్కొచ్చి, వారం తిరగకముందే దాన్ని బీరువా మీదికి ఎక్కిస్తున్నారు. డబ్బు లేక మానేసినవారికీ, డబ్బు పోసి మూల పెట్టినవారికీ రాత్రి గొంతు మూసుకుపోవడం మాత్రం ఒకే రకంగా జరుగుతుంది.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. పరీక్ష దగ్గరా, మాస్కు దగ్గరా పిసినారితనం పనికిరాదు. యంత్రం దగ్గర మాత్రం ధైర్యంగా పొదుపు చేయవచ్చు. మన ఊళ్లో జరుగుతున్నది దీనికి తలకిందులు: పరీక్ష ఉచితంగా చేయించుకుంటాం, యంత్రానికి వేలకు వేలు పోస్తాం, మాస్కు మాత్రం డబ్బాతో పాటు ఏది వస్తే అది ముఖానికి తగిలించుకుంటాం.

జబ్బు గురించి రెండు మాటలు. నిద్రపోయినప్పుడు గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట ఊపిరి కోసం కొట్టుకుంటూనే ఉంటాయి గానీ గాలి లోపలికి పోదు. ఇలా పది సెకన్లు, అంతకు మించి ఆగితే దాన్ని అప్నియా అంటారు; పూర్తిగా ఆగకుండా ఊపిరి బాగా సన్నగిల్లి, దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా, మెదడు ఉలిక్కిపడి లేచినా హైపోప్నియా అంటారు. ఈ రెండూ కలిపి గంటకు ఎన్నిసార్లు జరుగుతున్నాయో చెప్పే అంకెకు ఏహెచ్ఐ అని పేరు. అది 5 నుంచి 15 లోపు ఉంటే జబ్బు తక్కువ స్థాయిలో ఉన్నట్టు, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థం, 30 లేదా ఆపైన ఉంటే తీవ్రం. రాత్రంతా గంటకు ముప్పైసార్లు లేచిన మెదడుకు తాను లేచిన సంగతి పొద్దున గుర్తుండదు. అందుకే నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది, "నాకేమీ లేదు సార్, మా ఆమె పోరు పడలేక వచ్చినా" అంటారు. కాసేపు మాట్లాడిస్తే, "నిద్రేమో బాగానే పడతాది, లేచినాక మాత్రం పండుకోనట్టే ఉంటాది" అన్న మాట బయటికి వస్తుంది. ఈ రెండో మాటే మాకు ముఖ్యం. ఆ మాట చెప్పిన మనిషి ఘాట్ రోడ్డు మీదో, చెన్నై రోడ్డు మీదో రోజూ బండి నడిపేవాడైతే ఇంకా ముఖ్యం.

ఇప్పుడు పరీక్ష. స్లీప్ స్టడీ రెండు రకాలు. ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి, తలకు, గడ్డానికి, ఛాతీకి, కాళ్లకు తీగలు పెట్టి, మెదడు తరంగాలతో సహా నమోదు చేసేది ఒకటి. ఇంట్లోనే ముక్కు దగ్గర ఒక గొట్టం, ఛాతీకి ఒక పట్టీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టుకొని పడుకునేది రెండోది. గట్టిగా గురక పెట్టి, పగలు తూగుతూ, మెడ లావుగా ఉండి, బీపీ కూడా ఉన్న మనిషికి, వేరే పెద్ద జబ్బులేవీ లేకపోతే, ఇంటి పరీక్ష సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు, పొగ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, నిద్రమాత్రలు గానీ మత్తుతో కూడిన నొప్పి మందులు గానీ ఎక్కువగా వాడేవారు మాత్రం ఆసుపత్రి పరీక్షే చేయించుకోవాలి. వీరిలో గొంతు మూసుకుపోవడం వల్ల కాకుండా, ఊపిరి తీయమని మెదడు ఆజ్ఞ పంపకపోవడం వల్ల శ్వాస ఆగే రకం ఉండవచ్చు. దానికి మామూలు సీప్యాప్ సరైన మందు కాకపోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. యంత్రాలు అమ్మేవారే ఉచితంగా స్లీప్ స్టడీ చేస్తామని ఇంటికి వస్తున్నారు. యంత్రం అమ్ముడైతేనే జీతం గిట్టే మనిషి చేతిలో మీ జబ్బు నిర్ధారణ పెట్టడం తెలివైన పని కాదు. ఉచితమే కదా అని చేయించుకున్నా, ఆ రిపోర్టును గ్రాఫులతో సహా తీసుకొని, అమ్మకంతో సంబంధం లేని డాక్టరుకు చూపించండి. రిపోర్టులో ఏహెచ్ఐ ఒక్కటే చూసి వదిలేయకూడదు. ఆక్సిజన్ ఎంత వరకు పడిపోయింది, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువగా ఉందా, శ్వాస ఆగడంలో గొంతు పాత్ర ఎంత, మెదడు పాత్ర ఎంత అన్నవి కూడా చూడాలి. ఎందుకంటే, ఏహెచ్ఐ పదీ పన్నెండూ ఉండి, పగటి నిద్ర లేనివారికి అసలు యంత్రమే అక్కరలేకపోవచ్చు. బరువు తగ్గడం, రాత్రి మద్యం మానడం, పక్కకు తిరిగి పడుకోవడం, ముక్కు దిబ్బడకు వైద్యం చేయించుకోవడం, కింది దవడను కొద్దిగా ముందుకు పట్టి ఉంచే పళ్ల పరికరాన్ని దంతవైద్యుడితో చేయించుకోవడం వంటి దారులు వారికి ఉన్నాయి. స్థూలకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర అప్నియా ఉన్నవారి కోసం టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షనుకు అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది. దాని గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను: అది నెలనెలా ఖర్చు, డాక్టరు పర్యవేక్షణలో వాడవలసిన మందు, బరువు తగ్గే వరకు గొంతును తెరిచి ఉంచే పని అది చేయదు.

యంత్రం సంగతికి వద్దాం. గాలి లేని సైకిలు ట్యూబు గోడలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. కాస్త గాలి కొడితే విడిపోతాయి. సీప్యాప్ గొంతుకు చేసేది అదే పని. 1980లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు వాక్యూమ్ క్లీనరు మోటారుతో గాలి ఊదించి, మాస్కు ద్వారా రోగి ముక్కులోకి పంపి దీన్ని మొదటిసారి ప్రయత్నించాడు. 1981లో లాన్సెట్ వైద్య పత్రికలో అయిదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు ప్రచురించాడు. అప్పటికీ ఇప్పటికీ మోటారు చప్పుడు తగ్గింది, పెట్టె చిన్నదయింది, లోపల చిప్పు చేరింది. అసలు సూత్రం మాత్రం మారలేదు: అవసరమైన పీడనంతో గాలి ఊదాలి, రాత్రంతా ఆ పీడనం తగ్గకుండా చూడాలి. ఈ పనిని పేరున్న కంపెనీల సాధారణ రకాలన్నీ చక్కగానే చేస్తాయి. అందుకే యంత్రం దగ్గర పొదుపు చేయవచ్చు అంటున్నాను.

ఆ పీడనాన్ని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. ఇళ్లలో వాడే సీప్యాప్‌లు 4 నుంచి 20 వరకు ఇవ్వగలవు. డాక్టరు పెట్టిన ఒకే పీడనం రాత్రంతా ఇచ్చేది ఫిక్స్‌డ్ సీప్యాప్. గొంతు మూసుకుపోతున్న తీరును బట్టి తానే పెంచుతూ తగ్గిస్తూ ఉండేది ఆటో సీప్యాప్. ఈ మధ్య నా రోగులు తెచ్చి చూపిన బిల్లులను బట్టి చెప్పాలంటే, ఫిక్స్‌డ్ రకం పాతిక ముప్పై వేల చుట్టుపక్కల దొరుకుతోంది. ఆటో రకం చైనా కంపెనీలదైతే ముప్పై అయిదు వేల ప్రాంతం నుంచి, రెస్‌మెడ్ వంటి పేరున్నవైతే యాభై నుంచి డెబ్బై వేల వరకు, కొన్ని అంతకు మించి కూడా ఉన్నాయి. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి వీటిని ఒక అంచనాగానే తీసుకోండి.

అమ్మేవారు ఆటో రకమే కొనమంటారు. ఆటో చెడ్డదని నేను అనను. అయితే ఈ రెండు రకాలనూ పోల్చి చూసిన అధ్యయనాల్లో అప్నియాను అదుపు చేయడంలోనూ, పగటి నిద్ర తగ్గించడంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా ఉన్నది ఎక్కడంటే, మీకు ఎంత పీడనం కావాలో కనుక్కోవడంలో. ఆసుపత్రిలో ఒక రాత్రి టైట్రేషన్, అంటే పీడనం మార్చి మార్చి సరిపోయేది కనుక్కునే పరీక్ష, చేసి "ఈయనకు 10 కావాలి" అని రాసి ఇచ్చి ఉంటే, ఫిక్స్‌డ్ యంత్రాన్ని 10 మీద పెట్టుకొని హాయిగా పడుకోవచ్చు. అలా రాసి లేకపోతే ఆటో యంత్రాన్ని వారం పది రోజులు అద్దెకు తెచ్చుకొని వాడితే, రాత్రిలో ఎక్కువ భాగం ఎంత పీడనం సరిపోయిందో అదే చెబుతుంది. ఆ అంకె చూసి ఫిక్స్‌డ్ కొనుక్కోవచ్చు. పొదుపుగా వెళ్లాలనుకునేవారికి నేను ఎక్కువగా చెప్పేది ఈ దారే. వెల్లకిలా పడుకుంటే ఒకలా, పక్కకు తిరిగితే ఒకలా పీడనం బాగా మారిపోయేవారికి, బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారికి, ఎక్కువ పీడనం తట్టుకోలేనివారికి మాత్రం ఆటో కోసం పెట్టే అదనపు డబ్బు దండగ కాదు.

ఆటో కొన్నవారు ఒక సంగతి తప్పకుండా చూసుకోవాలి. పెట్టెలో నుంచి తీసినప్పుడు అది 4 నుంచి 20 వరకు తిరిగేలా పెట్టి ఉంటుంది. చాలాచోట్ల అలాగే ఇచ్చి పంపేస్తున్నారు. 4 దగ్గర మొదలైతే చాలామందికి ఊపిరి ఆడనట్టు ఉంటుంది. పెద్ద శరీరం ఉన్న మనిషికి ఆ గాలి చాలదు. మాస్కు పెట్టుకున్న అయిదు నిమిషాలకే తీసి పారేస్తాడు. కింది హద్దును డాక్టరు ఏ ఏడుకో ఎనిమిదికో మారిస్తే అదే యంత్రం అతనికి సరిపోతుంది. ఆ మార్పుకు పైసా ఖర్చు లేదు.

ఫోనులో యాప్, రంగుల తెర, గాలి పైపును వేడి చేసే తీగ వంటివి ధర పెంచుతాయి. ఇవి లేకపోయినా వైద్యం ఆగదు. ఒక్కటి మాత్రం ఉండి తీరాలి: ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత లీకయింది, యంత్రం పెట్టుకున్న తర్వాత కూడా ఏహెచ్ఐ ఎంత మిగిలింది అన్నవి నమోదు చేసే మెమరీ కార్డు. అది లేని యంత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి, ఎందుకంటే అది పని చేస్తోందో లేదో మాకు తెలిసే దారి ఉండదు. ఊపిరి వదిలేటప్పుడు పీడనం కొద్దిగా తగ్గించే సౌకర్యం, మొదట తక్కువతో మొదలై నిద్ర పట్టేసరికి మెల్లగా పెరిగే సౌకర్యం ఇప్పుడు చవక రకాల్లోనూ వస్తున్నాయి.

కరోనా కాలంలో మన జిల్లాలో ఎన్నో ఇళ్లలోకి ఊపిరి పీల్చేటప్పుడు ఒక పీడనం, వదిలేటప్పుడు ఇంకో పీడనం ఇచ్చే బైప్యాప్‌లు, గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్‌సెంట్రేటర్లు చేరాయి. ఇప్పుడవి మంచం కింద ఉన్నాయి. "అది వాడుకోవచ్చా" అని అడిగేవారు ఎక్కువ. కాన్‌సెంట్రేటరు పనికిరాదు, మూసుకుపోయిన గొంతులోకి ఆక్సిజన్ పంపినా దారి తెరుచుకోదు. బైప్యాప్‌ల సంగతి వేరు. చాలా బైప్యాప్‌లలో సీప్యాప్ పద్ధతి కూడా ఉంటుంది. సాంకేతిక నిపుణుడితో పరీక్ష చేయించి, పీడనం సరిచూపించి, ఫిల్టరు, ట్యూబు, మాస్కు కొత్తవి వేసుకుంటే అదే మీ సీప్యాప్ అవుతుంది. అయితే అది ఫిలిప్స్ వారిదైతే మొదట తయారీ తేదీ చూడండి. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన నురగ పొర అరిగి, దాని రేణువులు, వాయువులు గాలితో పాటు లోపలికి పోయే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో ఆ కంపెనీ ప్రపంచమంతటా లక్షల కొద్దీ యంత్రాలను వెనక్కి పిలిచింది. 2021 ఏప్రిల్ 26 కంటే ముందు తయారైన అనేక రకాలు ఆ జాబితాలో ఉన్నాయి. కరోనా మొదటి విడతలో కొన్నవి ఆ కాలానివే కాబట్టి, వెనుక ఉన్న సీరియల్ నంబరుతో విచారించకుండా వాడవద్దు. ఆన్‌లైనులో ఎవరో అమ్ముతున్న పాత సీప్యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. పాతది కొనేటప్పుడు మోటారు ఎన్ని గంటలు తిరిగిందో మెనూలో చూపించమనండి. చూపించలేనివాడి దగ్గర కొనకండి.

ముక్కులో పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్లలను "మైక్రో సీప్యాప్" పేరుతో కొన్ని వందలకు అమ్ముతున్నారు. పైపు లేదు, మోటారు లేదు, చెప్పుకోదగ్గ పీడనం పుట్టే మార్గమే లేదు. వాటి మీద ఇంతకంటే సమయం పెట్టను.

ఇప్పుడు మాస్కు. నాకు ఇచ్చిన సమయంలో ఎక్కువ భాగం దీనికే ఉంచుకున్నాను. యంత్రం మూల పడిందని వచ్చినవారిని కూర్చోబెట్టి అడిగితే, పదిమందిలో చాలామందికి అడ్డం పడింది మోటారు కాదు, ముఖానికి సరిపడని మాస్కు. ఈ బల్ల మీద మూడు రకాలు ఉంచాను. ముక్కు రంధ్రాల దగ్గర మెత్తగా ఆనేది ఒకటి. ముక్కును మాత్రమే కప్పేది ఒకటి. ముక్కూ నోరూ కలిపి కప్పేది ఇంకొకటి. మన దుకాణాల్లో అడగకుండానే చేతికి ఇచ్చేది మూడోది. "నోరు తెరుచుకొని పడుకుంటారు కదా" అన్నది వారి కారణం. నోరు తెరుచుకునేది చాలాసార్లు ముక్కు దిబ్బడ వల్ల. ముక్కుకు వైద్యం చేస్తే, గొంతు తెరుచుకుంటే, కొన్నాళ్లకు నోరు తానే మూసుకుంటుంది. ముక్కు మాస్కుతో పోలిస్తే పెద్ద మాస్కుకు తరచూ ఎక్కువ పీడనం కావలసి వస్తుంది, లీకులు ఎక్కువ, వాడేవారూ తక్కువ గంటలు వాడుతున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. పైగా ధర కూడా దానిదే ఎక్కువ. కాబట్టి మొదట ముక్కు మాస్కు ప్రయత్నించి, కుదరకపోతేనే పెద్దదానికి పోవాలి.

మాస్కు పుస్తకాల్లోని ముఖాలకు తగ్గట్టు తయారవుతుంది. మన ముఖాలకు మన అలవాట్లు ఉంటాయి. రెండు వైపులా ముక్కుపుడకలు ఉన్న పెద్దావిడకు ముక్కు మాస్కు అంచు సరిగ్గా ఆ రాయి మీద కూర్చుంటుంది. గాలి కారుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. పుడక తీయమంటే ఆమె యంత్రమే వద్దంటుంది, అది ఆమె హక్కు. అలాంటివారికి కొంచెం వెడల్పుగా ఉండి పుడకలకు అవతల ఆనే సైజు వెతకాలి, వెతికితే దొరుకుతుంది. గుబురు మీసాలున్నవారికి పై పెదవి దగ్గర లీకవుతుంది. వారిలో కొందరికి రంధ్రాల దగ్గర ఆనే రకం బాగా కుదురుతుంది. కట్టుడు పళ్లు ఉన్నవారు దుకాణంలో పళ్లు పెట్టుకొని మాస్కు చూసుకుంటారు, రాత్రి పళ్లు తీసి గ్లాసులో వేసి పడుకుంటారు. పళ్లు తీయగానే బుగ్గలు లోపలికి పోతాయి, పొద్దున సరిపోయిన మాస్కు రాత్రికి వదులవుతుంది. మొహమాటపడకుండా పళ్లు తీసే సైజు చూసుకోవాలి. తలకు నూనె పెట్టుకొని పడుకునే అలవాటు ఉంటే పట్టీ జారిపోతుంది, నూనె తగిలిన సిలికాన్ త్వరగా పాడవుతుంది. నూనె పొద్దున తలస్నానానికి ముందు పెట్టుకోండి. రాత్రి ముఖం సబ్బుతో కడుక్కొని, నుదుటి నామమో విభూతో తుడుచుకొని మాస్కు పెట్టుకోండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి: కుర్చీలో కూర్చొని మాస్కు చూసుకుంటే చూసుకోనట్టే. యంత్రానికి కలిపి, మీకు రాసిన పీడనం పెట్టి, బల్ల మీద వెల్లకిలా, తర్వాత పక్కకు తిరిగి పడుకొని చూడాలి. కళ్లలోకి గాలి కొడుతోందా, పక్కకు తిరిగినప్పుడు దిండుకు తగిలి మాస్కు కదులుతోందా గమనించాలి. లీకవుతోందని పట్టీ బిగించడం అందరూ చేసే పని. సైజు తప్పయినప్పుడు ఎంత బిగిస్తే అంత పుండు పడుతుంది. మాస్కు ముందు భాగంలో సన్నని రంధ్రాలు ఉంటాయి. అవి మీరు వదిలిన ఊపిరి బయటికి పోవడానికి పెట్టినవి. చప్పుడు వస్తోందని ఇంట్లోవాళ్లు వాటికి టేపు అంటించిన సందర్భాలు చూశాను, అది ప్రమాదం. కొనేటప్పుడే, ముఖానికి ఆనే సిలికాన్ భాగం విడిగా దొరుకుతుందా, ఎంత అవుతుంది అని అడగండి. ఆ భాగం కొన్ని నెలలకు మారుతూ ఉండాలి. విడిగా దొరక్కపోతే ప్రతిసారీ మొత్తం మాస్కు కొనాలి. చవక మాస్కు ఖరీదు అలా బయటపడుతుంది.

ఇన్ని సంగతులు ఉన్నందువల్లే మొదటి నెల అద్దెకు తీసుకోమంటాను. డిపాజిట్ కట్టించుకొని నెలకు ఇంతని అద్దెకు ఇచ్చేవారు తిరుపతిలోనూ, చిత్తూరువాళ్లకైతే వేలూరులోనూ ఉన్నారు. కొంటే ఆ అద్దె ధరలో తగ్గించేవారూ ఉన్నారు, అది ముందే కాగితం మీద రాయించుకోవాలి. నెల తర్వాత మెమరీ కార్డు తెచ్చి చూపించండి. రాత్రికి కనీసం నాలుగు గంటలు, పది రాత్రుల్లో ఏడు రాత్రులైనా వాడి ఉంటే మీరు దీన్ని సాగించగలరని మేం అనుకుంటాం. ఎక్కువ వాడితే ఎక్కువ మేలు; నాలుగు గంటలన్నది కింది గీత మాత్రమే. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. సీప్యాప్ పెట్టుకుంటే గుండెపోటు రాదని కొందరు హామీ ఇచ్చి అమ్ముతున్నారు. అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న రెండు వేల ఏడు వందల మందికి పైగా రోగుల మీద జరిపిన సేవ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో గుండెపోటు, పక్షవాతం తగ్గినట్టు తేలలేదు. పగటి నిద్ర, గురక తగ్గాయి, మనసు కుదుటపడింది. అయితే వారు సగటున వాడింది రాత్రికి మూడు గంటల ఇరవై నిమిషాలే. కాబట్టి పగలు మెలకువగా ఉండటానికి, బండి నడుపుతూ తూగకుండా ఉండటానికి ఇది తప్పక పనికొస్తుంది, బీపీ కొద్దిగా తగ్గవచ్చు. అంతకు మించి హామీలు ఇచ్చేవారిని నమ్మకండి.

ఇంట్లో పెట్టుకోవడం గురించి. గాలికి తేమ చేర్చే నీళ్ల పెట్టె, అంటే హ్యూమిడిఫయరు, అందరికీ అవసరం లేదు. ఏసీ గదిలో పడుకునేవారికి, ముక్కు ఎండిపోయి రక్తం చారలు కనిపించేవారికి అది కావాలి. మిగతావారు అది లేకుండా మొదలుపెట్టి చూడవచ్చు, తర్వాత చేర్చుకునే వీలున్న రకమైతే చాలు. అందులో బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లలో ఉన్న సున్నం వారం రోజుల్లో అడుగున తెల్లగా పేరుకుంటుంది. కాచి చల్లార్చినా ఆ సున్నం పూర్తిగా పోదు. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పెట్రోలు బంకులో బ్యాటరీకి అమ్మే నీళ్లు పీల్చే గాలి కోసం తయారుచేసినవి కావు. పొద్దున లేవగానే మిగిలిన నీళ్లు పారబోసి ఆరబెట్టండి, నీళ్లు ఉండగా యంత్రాన్ని అటూ ఇటూ ఎత్తకండి. మోటారులోకి నీళ్లు పోతే వారంటీ వర్తించదు.

యంత్రాన్ని మంచం పక్కన, తల కంటే కొంచెం దిగువన ఉండే స్టూలు మీద పెట్టండి. గదిలో ఉన్న గాలినే అది లాగి ముక్కులోకి పంపుతుంది కాబట్టి దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి పొగ ఆ గదిలో వద్దు. దోమతెర కట్టుకోండి, పైపు తెర అంచు కింద నుంచి లోపలికి సులువుగా వస్తుంది.

కరెంటు పోతే ఏమవుతుందన్న భయం చాలామందిలో ఉంది. మాస్కు రంధ్రాల గుండా ఊపిరి ఆడుతుంది, పెద్ద మాస్కుల్లో అందుకోసమే ప్రత్యేక కవాటం ఉంటుంది. పైగా గాలి ఆగగానే చాలామంది లేచిపోతారు. హ్యూమిడిఫయరు వేడి చేయకపోతే సీప్యాప్ తినే కరెంటు ఒక ఫ్యాను కంటే ఎక్కువ ఉండదు, ఇంట్లో ఉన్న ఇన్వర్టరు రాత్రంతా లాగుతుంది. పల్లెల్లో ఇన్వర్టరు లేనివారు, యంత్రం ఖర్చులో పదివేలు తగ్గించుకొని ఆ డబ్బు ఇన్వర్టరు బ్యాటరీకి పెట్టినా నేను తప్పనను.

చివరిగా డబ్బు సంగతి. పెట్టె మీద ముద్రించిన ఎంఆర్‌పీ చూసి బెదిరిపోకండి, దాని మీద ఇచ్చిన తగ్గింపు చూసి మురిసిపోకండి. 2021లో ప్రభుత్వం ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ల మీద, తర్వాత బీపీ యంత్రం, నెబ్యులైజరు వంటి అయిదు పరికరాల మీద వ్యాపారుల లాభానికి హద్దు పెట్టింది. సీప్యాప్ ఆ అయిదింటిలో లేదు. అందుకే ఒకే యంత్రానికి మూడు చోట్ల మూడు ధరలు చెబుతారు. మూడు చోట్లా అడగండి, చెన్నైలోనూ అడగండి. అయితే పాడైతే ఎవరు తీసుకెళ్తారు, బాగయ్యే వరకు వేరే యంత్రం ఇస్తారా, వారంటీ ఎన్నేళ్లు అన్న ప్రశ్నలకు తిరుపతిలో నిలబడి జవాబు చెప్పేవాడు రెండు మూడు వేలు ఎక్కువ అడిగినా అతని దగ్గరే కొనడం మేలు. విదేశాల నుంచి పిల్లలు తెచ్చే యంత్రం మన కరెంటుకు పని చేస్తుంది గానీ, దాని వారంటీ ఇక్కడ సాధారణంగా చెల్లదు.

ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావరకు సీప్యాప్ యంత్రం ఖర్చు ఇవ్వవు. పాలసీ కాగితం చివర ఉండే 'చెల్లించని వస్తువుల' జాబితాలో దాని పేరు ఉంటుంది, చూసుకోండి. మీలో సీజీహెచ్ఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, కార్డు ఉన్న కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఒక పరిమితి వరకు డబ్బు తిరిగి వచ్చే వీలుంది, కానీ నిపుణుడి సిఫారసు, స్లీప్ స్టడీ రిపోర్టు జతచేసి ముందుగా అనుమతి తీసుకోవాలి. ముందు కొనేసి తర్వాత బిల్లు పెడితే ఇబ్బంది పడతారు. రైల్వేవారికి, ఇతర సంస్థలవారికి ఎవరి నిబంధనలు వారికి ఉన్నాయి. మీ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఎవరి దగ్గర కొన్నా సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి, మాస్కుకు ధర విడిగా వేయించండి.

ఇక మీ ప్రశ్నలు. స్లీప్ స్టడీ రిపోర్టులు తెచ్చుకున్నవారు ముందుకు రండి, వాటిని చూసి మాట్లాడుకుందాం.